సాక పోసే చెయ్యి

రాజక్క నల్లా దగ్గర బండ మీద మగడు మొండయ్య అంగీని బాదుతోంది. బొగ్గు బాయిలో దిగే మనిషి బట్టలకు ఎన్ని నీళ్ళు మార్చినా నలుపు వదలదు. ఆ నల్లటి నీళ్ళు కాలువలోకి పారుతుండగానే మొండయ్య ఎదురుగా వచ్చాడు. పొద్దున షిఫ్టుకు పోయిన మనిషి. ఒంటి మీది బట్టలు పోయినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లాగే తెల్లగా ఉన్నాయి.

"ఏమాయె? బాయిల దిగలేదా?" అంది రాజక్క.

"టబ్బు ఇయ్యలే." మొండయ్య బండ పక్కన కూలబడ్డాడు. "అందరి ముందట్నే అన్నడు మేస్త్రి. చెల్లె పెండ్లిల సార పోయనోనికి టబ్బు లేదు, ఇంటికాడ కూసుండి పానకం తాగుపో అన్నడు."

నల్లా దగ్గరి ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

బాయిలో బొగ్గు నింపేవాళ్ళకు టబ్బులు, అంటే బొగ్గు తోలే డబ్బా బండ్లు, పంచేది మేస్త్రి సాంబయ్య; టబ్బు దొరకనివాడికి ఆ రోజు కూలి లేదు. అతన్ని ఆ పనిలో పెట్టిన గుత్తేదారుదే బాయి గేటు ముందరి సారా దుకాణం, కలాలి కూడా. కార్మికుల లైన్లలో ఎవరింట పెండ్లి జరిగినా సారా జాడీలు ఆ కలాలి నుంచే రావాలి. ఒకసారి గడప లోపల దించిన జాడీ మళ్ళీ వెనక్కి పోదు. అది అక్కడి కట్టు. ఇన్నేళ్ళలో ఆ కట్టును కాదన్న మొదటి మనిషి మొండయ్య చెల్లెలు అనసూర్య. తన పెండ్లిలో చుక్క సారా ఉండొద్దని చెప్పింది. ఆమెను చేసుకోబోయే కొమురెల్లి కార్మిక సంఘంలో తిరిగేవాడు, సరేనన్నాడు.

"ఎంత ధైర్నమో ఆ పిల్లకు," అంది పక్కింటి రామవ్వ.

మగని మీద జాలి కలగాల్సిన చోట రాజక్కకు ఆ మాట కలుక్కుమంది. ఆ పిల్లకు ధైర్యం. ఆ పిల్లకు తాగని పెండ్లి. తన పెండ్లిలో పందిరి నిండా వాంతుల వాసనే. అప్పగింతల వేళకు తన బాపు గుంజ పక్కన సోయి లేకుండా పడి ఉన్నాడు. తల వంచుకుని కూర్చున్న తన ముందుకు ఎవరో ఆయన చెయ్యిని లేపి తెచ్చి తన చేతికి ఆనించారు. బిడ్డను అప్పగించింది ఆయన చెయ్యే, ఆయన కాదు. అప్పుడు ఎవరూ సంఘం పెట్టలేదు. ఎవరూ ధైర్యం చెయ్యలేదు.

ఆ మధ్యాహ్నం సాంబయ్య పెరటి దారిన వచ్చాడు. ఇంట్లో రాజక్క ఒక్కతే ఉంది.

"పెద్దకోడలివి. పోచమ్మకు సాక పోసే చెయ్యి నీది. గది గూడ నీ దగ్గర గుంజుకున్నరు గద," అన్నాడు. "నీ పెండ్లికి లేని నీతులు గీ పిల్ల పెండ్లికి యాడికెల్లి వచ్చినయ్?"

పందిట్లో పెద్దకోడలు పోచమ్మ ముందు సారా ఒలకబోసి సాక పెట్టాకే మగవాళ్ళు గ్లాసులు ఎత్తాలి. ఈ లైన్లో రాజక్కకున్న పెద్దరికం అదొక్కటే.

"రెండు జాడీలు ఈడ పెట్టిపోత. పెండ్లినాడు పందిట్ల పెడితె సాలు. మొగోళ్ళ సంగతి నాకెరికే."

ఆమె కాదనలేదు. అతను పోయాక జాడీలను పెరట్లోని బొగ్గు కుప్పలో పూడ్చింది.

సాయంత్రం పచ్చి పందిరి కింద లైను లైనంతా కూడింది. ముసలి లచ్చయ్య ముందుగా లేచాడు.

"సాక లేకుంటె పోచమ్మ ఊకుంటదా? బాయిల కప్పు కూలితె ఎవడు జిమ్మెదారు?"

"దుంగలు పెట్టకుంటె కూలుతది కాక, సాక పెట్టకుంటె కూలదు," అన్నాడు కొమురెల్లి. "మా మామ కాలం జేసిన్నాడు పొద్దుగాల్లనే తాపి దించిన్రు. కప్పు పగిలి పర్రెలు వాసింది ఆయనకు కండ్లవడలే."

మొండయ్య తల్లి శంకరవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పోయిన మనిషి ఆమె పెనిమిటి.

"బెల్లం, పసుపు, ఏపాకేసిన నీళ్ళు పోస్తం," అంది రామవ్వ. "పోచమ్మ గూడ ఆడిదే. తాగొచ్చిన మొగోని సంగతి ఆమెకు మనం చెప్పాల్నా?"

ఆడవాళ్ళు నవ్వారు. లచ్చయ్య నవ్వలేదు. "మరి టబ్బు?"

"ఒక్కనికి ఆపితె మిగిలినోళ్ళం ఎవలం టబ్బు ముట్టద్దు," అన్నాడు కొమురెల్లి.

"నీకేంది, పెండ్లి పిలగానివి. నా ఇంట్ల పొయ్యి ఎట్ల మండాలె?" అని వెనక నుంచి ఒకడు అరిచాడు.

"ఇయ్యాల మొండన్న, రేపు నువ్వు. నీకు బిడ్డలు లేరా?"

చాలాసేపు అరుచుకున్నారు. చివరికి ఆడవాళ్ళే ఒకరి వెనక ఒకరు చేతులెత్తారు, మగవాళ్ళు వాళ్ళ మొహాలు చూసి ఎత్తారు. అప్పుడు అనసూర్య అంది:

"సాక నీళ్ళు మా వదినె చేతుల మీదనే."

అందరూ గడపలో నిలబడ్డ రాజక్క వైపు తిరిగారు.

"నేనెందుకు? ధైర్నం గలదానివి, నువ్వే పోసుకో," అంది రాజక్క.

అనసూర్య లేచి దగ్గరికి వచ్చింది. "నీ పెండ్లిల మీ బాపు చెయ్యి లేపింది నేనే వదినె. చిన్నదాన్ని. మొద్దు లెక్క బరువుండె, రెండు చేతులతోని పట్టిన. నువ్వు ఏడ్సుడు చూసి గప్పుడే అనుకున్న, నా పెండ్లిల సార ఉండద్దని."

రాజక్క లోపలికి పోయింది.

తెల్లారి టబ్బులు కదలలేదు. ఆ మరునాడూ కదలలేదు. నల్లా కాలువలో నలుపు లేని నీళ్ళు పారాయి. పోలీసులను దించుతానని గుత్తేదారు కబురు పంపాడు. అప్పు పుట్టని ఇండ్లలో జొన్న గటక పలచబడింది. అయినా ఎవరూ గేటు దాటలేదు.

అనసూర్యకు పసుపు పెట్టిన రోజు సాంబయ్య నేరుగా ఇంట్లోకి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. అతన్ని చూసి నల్లా దగ్గరి ఆడవాళ్ళు గుమ్మం ముందు గుమిగూడారు.

"ఎందుకు శంకరక్కా గీ పరేషాన్?" అన్నాడు. "నీ పెద్దకోడలు జాడీలు ఎన్నడో దించుకున్నది. దించిన జాడీ మళ్ళ పోదు. గిది తెల్వక వీళ్ళంత ఉత్తగ పస్తులుంటున్నరు."

శంకరవ్వ కోడలి వైపు చూసింది. మొండయ్య చూశాడు. గుమ్మంలోంచి రామవ్వ, "నిజమేనా రాజక్కా?" అంది.

రాజక్క పెరట్లోకి పోయి చేతులతో బొగ్గు తవ్వింది. రెండు జాడీలనూ తెచ్చి అందరి ముందు పెట్టింది. సాంబయ్య నవ్వాడు.

ఆమె అనసూర్యను చూసింది. ఆ పసుపు మొహాన్ని చూస్తే ఇప్పటికీ కడుపు మండింది. రేపు ఈ పిల్ల చెయ్యి పట్టుకునేది సోయి ఉన్న చెయ్యి. తనకు అది దక్కలేదు. తన పెండ్లిలోనూ జాడీలు దించి దాన్ని దక్కనియ్యని మనిషి మంచం మీద కాళ్ళూపుకుంటూ నవ్వుతున్నాడు.

రాజక్క బట్ట చుట్ట చుట్టి ఒక జాడీని తలకెత్తుకుంది. అనసూర్య రెండో జాడీ మీదికి వంగింది.

"పసుపు పెట్టిన పిల్ల గడప దాటద్దు," అంది శంకరవ్వ.

రాజక్క ఆ జాడీని అందుకుని అత్త చంకలో పెట్టింది. శంకరవ్వ చెయ్యి తనంతట తానే దాన్ని చుట్టుకుంది.

"యాడికే?" సాంబయ్య లేచి నిలబడ్డాడు. "కలాలోడు వాపసు తీసుకోడు. చెప్తె సమజ్ గాదా?"

గుమ్మం ముందరి ఆడవాళ్ళు రెండు పక్కలకు జరిగారు. కొందరు అప్పటికే బిందెలు దించి చేతులు ఖాళీ చేసుకున్నారు. బొగ్గంటిన చేత్తో జాడీని అదిమి పట్టుకుని, రాజక్క గడప దాటి కలాలి వైపు నడిచింది.