నోరొక్కటే పాడింది

మర్నాడు సాయంత్రం పోర్టు కార్మికుల నాటకంలో రమణమూర్తిది రాజు వేషం. గొంతులో పుండు మానలేదనీ, పైస్థాయిలో రాగం తీస్తే మాటే పడిపోవచ్చనీ డాక్టరు చెప్పాడు. క్రేన్ నడిపే ఆ మనిషి విన్నట్టే విని, పెరట్లో పద్యాలు అందుకుంటూనే ఉన్నాడు. భార్య రామలక్ష్మమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. మొక్కుకుని ఊరుకోక, తమ్ముడు ఎల్లారావుని సలహా అడిగింది.

ఎల్లారావు పోర్టు క్లబ్బులో ప్రొజెక్టర్ ఆడిస్తాడు. ఆ రోజు వేసేది ఎప్పటిదో పాత ఇటలీ బొమ్మ, ఒక ఒపేరా గాయని జీవితకథ. ఒపేరా అంటే అక్కడి పద్యనాటకంలాంటిదేనట. పాడొద్దన్నా వినకుండా పాడి, ఆవిడ స్టేజీ మీదే ప్రాణం విడుస్తుందట. "బావని తీసుకురా అక్కా. కళ్లతో సూస్తే బయమేస్తది," అన్నాడు.

అందుకే తీసుకొచ్చింది. చివరి పాట మొదలవగానే ఆమె తెర వదిలి మొగుడి ముఖమే చూసింది. గాయని గొంతు పైకి, ఇంకా పైకి వెళ్లింది. రుమాలు మీద నల్లటి నెత్తుటి మరక కనిపించింది. మనిషి కూలిపోయింది. రమణమూర్తి చెయ్యి తన గొంతు మీదికి పోయింది. రామలక్ష్మమ్మ మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

అంతలో వెనక బెంచీల్లోంచి "వన్స్ మోర్" అన్నారెవరో. నాటకాలకు అలవాటు పడ్డ జనం. హాలంతా అందుకుంది. చచ్చిన రాజునైనా లేపి పద్యం పాడించుకునే ఊరు మరి. ఎల్లారావు కాసేపు ఆగి చూశాడు, ఈలలు ఆగలేదు. రీలు వెనక్కి తిప్పాడు.

గాయని మళ్లీ నిలబడింది.

"సూసినావా, లెగిసింది," అన్నాడు రమణమూర్తి. కళ్లు మెరుస్తున్నాయి.

"అది బొమ్మండీ."

"నాటకమూ బొమ్మేనే."

స్వామీ, నేను చూపించబోయిందేమిటి, నువ్వు చూపిస్తున్నదేమిటి అనుకుంది రామలక్ష్మమ్మ.

రాగం పైకి ఎక్కుతూండగా ప్రొజెక్టర్‌లో సౌండు బల్బు పోయింది. బొమ్మ మాత్రం ఆగలేదు. గాయని మెడనరాలు బిగించి నోరు బార్లా తెరిచింది, చేతులు చాపింది. చప్పుడు లేదు. ఒకడు కప్పలా బెకబెకమన్నాడు. ఇందాక కళ్లు తుడుచుకున్నవాళ్లే పొట్టలు పట్టుకుని నవ్వారు.

రమణమూర్తి నవ్వలేదు. ఆ నోటినే చూస్తూ కూర్చుని, పాట కాకముందే లేచి బయటికి నడిచాడు.

గుమ్మం దగ్గర నాటకం పెద్ద గురునాథరావు బీడీ కాలుస్తున్నాడు. రేపు కిరీటం తనే తెస్తానని ఏదో చెప్పబోయాడు.

"నాను రాను బావా. మన అప్పలసూరి కుర్రోడికి ఇచ్చీ వేషం, పద్యాలు ఆడికొచ్చు. రాగాలు నాను నేర్పుతాను, మెల్లగా."

గురునాథరావు చేతిలో బీడీ ఆరిపోయింది. వెనకాలే వచ్చిన రామలక్ష్మమ్మకు ఏడుపొచ్చింది. కోరుకున్నది ఇదే అయినా సంతోషం రాలేదు. నేర్పుతానన్న మాట మాత్రం పట్టుకుంది.

"నేర్పడమంటే పాడ్డమే కదేటండీ?"

"హార్మోనీ మీద నేర్పుతాను."

ఇంటికెళ్లే మద్దిలపాలెం బస్సు రద్దీగా ఉంది. ఆమె అతని పక్కనే నిలబడి, పద్యం అందుకుంటాయేమోనని దారి పొడుగునా ఆ పెదవులనే కనిపెట్టుకుని చూసింది.