క్షమించిన మాట నిజమే

క్షమించమన్నారు. క్షమించాను. అది చాల్లేదు వీళ్లకు. క్షమించిన నోటితోనే అబద్ధం కూడా చెప్పమన్నారు. నా వల్ల కాదన్నందుకు మా సంఘంలో నన్ను పాపిని చేశారు. ప్రార్థన పాక తగలబెట్టినవాడు కాదట పాపి, కళ్లారా చూసిన నేనట. ఇది ఏ దేవుడి న్యాయమో నాకైతే తెలియదు.

నా పేరు రెబ్కా. సత్తెనపల్లి దగ్గర మా ఊరు. మిరపకోతలకు, ఊరికి ఎడంగా ఉన్న మా పల్లె ఆడవాళ్లను చేలకు తీసుకుపోయే మేస్త్రిని నేనే. మా ఆయన మార్టూరు రాళ్ల క్వారీలో పనిచేస్తాడు, నెలకోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది నేనూ, మా మామ ఆదామూ. ప్రార్థనకు వేళైందని రైలు పట్టా ముక్క మీద ఇనుప కడ్డీతో కొట్టేది మామే. ఆ చప్పుడు ఊరి చివరి చేలదాకా వినిపించేది.

గొడవంతా ఆదివారం దగ్గర మొదలైంది. కోతల రోజుల్లో రైతుకు ఆదివారం, సోమవారం అని ఉండవు. కాయ పండితే దించాల్సిందే. చాలా ఏళ్లు మేమూ ఆదివారాలు చేలోనే గడిపాం. పల్లెలో ప్రార్థనకు తాటాకు పాక వేసుకున్నాక, ఆ ఏడు కోతలు మొదలుకాకముందే నేను రైతులందరి ఇళ్లకూ వెళ్లి చెప్పి వచ్చాను. ఆరు రోజులు వంచిన నడుం ఎత్తకుండా కోస్తాం, ఏడో రోజు మాత్రం రాం అన్నాను. కొందరు గొణిగారు, కొందరు సరేలే అన్నారు. ఊళ్లో పెద్దరైతు సుబ్బరావమ్మగారి కొడుకు చైతన్యకృష్ణ మాత్రం నడివీధిలో రంకెలు వేశాడు.

"చప్పట్లు కొడితే కూడు పెడతాడా మీ దేవుడు? మీకు కూడు పెట్టేది మేమే! ఆదివారం రాకపోతే సోమవారం కూడా రావొద్దు!"

వద్దన్నవాడు మానేయొచ్చుగా? మానడు. మేము లేకపోతే కాయ దిగదు. అందుకని కొట్లో మా వాళ్లకు ఉప్పూ పప్పూ ఇవ్వొద్దన్నాడు. మా పాస్టరుగారిని, అంటే అయ్యగారిని, సైకిలుతో సహా పంటకాలవలోకి తోయించాడు. బురదలోంచి లేచి అయ్యగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తర్వాత శనివారం. మార్చి నెల, ఎండ మండిపోతోంది. మర్నాటి ప్రార్థనకు పాక అలుకుదామని నేను కోత నుంచి పెందలాడే వచ్చి పేడ కలుపుకుంటున్నాను. లోపల చల్లగా ఉంటుందని మామ పడుకుని ఉన్నాడు. మోటారు సైకిలు ఆగింది. చైతన్యకృష్ణ దిగాడు. చేతిలో పెట్రోలు డబ్బా. పాక వెనక నీళ్ల గాబు దగ్గర ఉన్న నన్ను అతను చూడలేదు. నేను చూశాను. చూరు మీద పోసి, అగ్గిపుల్ల గీసి, "రేపు ఏ నీడన కూర్చుని పాడుకుంటారో చూస్తా" అన్నాడు. అదీ విన్నాను.

ఎండిన తాటాకు ఎంతసేపు ఆగుతుంది? నేను అరుస్తూ పరిగెత్తేసరికే వాకిటి తడిక అంటుకుంది. మామ ఆ మండే తడికను రెండు చేతులతో నెట్టుకుని బయటపడ్డాడు. గుంటూరు పెద్దాసుపత్రి వాళ్లు ప్రాణం నిలబెట్టారు కానీ వేళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ చేతులు మళ్లీ కడ్డీ పట్టలేదు, అన్నం కలపలేదు.

అతను బండి తోలుకుపోవడం ఇంకొకరు కూడా చూశారు. మా సంఘ పెద్ద యేసుపాదం బాబాయి. ఆ రోజు స్టేషనులో ఇద్దరం కలిసే చెప్పాం. కేసు రాశారు. అతన్ని పట్టుకెళ్లారు. కొన్నాళ్లకు బెయిలు మీద మళ్లీ ఊళ్లోనే తిరిగాడు, మీసం తిప్పుకుంటూ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పాక కాలాక వచ్చిన సోమవారం మా ముఠా దిగాల్సింది సుబ్బరావమ్మగారి చేలోనే. ముందే మాట ఇచ్చాను. ఆసుపత్రిలో మామ దగ్గర మా ఆయన ఉన్నాడు. ఆడవాళ్లంతా నా మీద విరుచుకుపడ్డారు.

"నీకు సిగ్గుందా అక్కా? వాడి కాయ కోస్తావా?" అంది మా కోటేశ్వరి.

"మాటిచ్చాను. కాయ రాలిపోతోంది. మనల్ని కాల్చింది వాడు, ఆ మొక్క కాదుగా. పగవాడి ఎద్దు తప్పిపోయినా తోలుకొచ్చి అప్పజెప్పమన్నాడు మన దేవుడు. రానివాళ్లు రావొద్దు, నేను పోతున్నా" అన్నాను.

పోయాను. తిట్టుకుంటూనే అందరూ వచ్చారు. చేలో దిగిన దగ్గర నుంచి నా కళ్లలో నీళ్లే. కారం ఘాటు అనుకున్నారు. కాదు, కోపం. ఒక్కొక్క కాయ తుంచుతుంటే అతని మెడ కనిపించేది. కళ్లంలో కాయ పోశాక ఎర్రకాయ ఒకవైపు, తెల్లబోయిన తాలుకాయ ఒకవైపు వేరుచేయాలి. తాలు కలిసిందంటే మార్కెట్టులో ఆ కుప్పకు విలువ ఉండదు. చూసేవాళ్లు ఎవరూ లేరు. నాలుగు గుప్పెళ్లు కలిపేస్తే అడిగేవాడు లేడు. చెయ్యి అటు పోయింది కూడా. వెనక్కి తీసుకున్నాను. కుప్పలో ఒక్క తాలు లేకుండా ఏరి ఇంటికి వచ్చాను.

నేను అతన్ని క్షమించడం మొదలుపెట్టింది ఆ రోజు. మొదలుపెట్టింది అంటున్నాను, అయిపోయిందని కాదు. మామకు ముద్ద కలిపి నోట్లో పెట్టిన ప్రతిసారీ ఒళ్లు మండేది. పూటపూటకూ మళ్లీ క్షమించుకోవాల్సి వచ్చేది. ఊరికే నోటితో అనేసి చేతులు దులుపుకునేవాళ్లకు ఈ సంగతి తెలియదు.

కేసు సత్తెనపల్లి కోర్టులో విచారణకు రావడానికి రెండేళ్లు పట్టింది. రెండేళ్లూ కాలిన చోటే, టార్పాలిన్ పట్టా కట్టుకుని దానికింద ప్రార్థన చేశాం. వాయిదా దగ్గరపడగానే సుబ్బరావమ్మగారు మా ఇంటికి వచ్చింది. పల్లెలో ఆమె అడుగుపెట్టడం నేనెరిగి అదే మొదలు. మంచం వాల్చినా కూర్చోలేదు.

"ఏమే రెబ్కా, మీ దేవుడు క్షమించమన్నాడంట కదే. పుస్తకంలో ఉందంటగా. మా వాడి బతుకు బుగ్గిపాలవుతోంది. నువ్వు చూళ్లేదని ఒక్క మాట చెబితే పోతుంది. మీ గుడి ఇటుకలతో మేమే కట్టిస్తాం."

"క్షమించానమ్మా మీ అబ్బాయిని. చూళ్లేదని ఎట్లా చెప్పను?"

"అదేం మాట? క్షమించాక ఇంకా సాక్ష్యమేంటి?"

మామ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ముడుచుకుపోయిన చేతులు ఒళ్లో పెట్టుకుని. ఆవిడ చూపు అటు ఒక్కసారి కూడా పోలేదు. తప్పు జరిగిందన్న ముక్క ఆ నోట రాలేదు. తప్పు లేదంటారు, క్షమించమంటారు. పుండు మీద కారం చల్లి పైగా మంట పుట్టిందా అని అడిగే రకం. తల్లి కడుపు కదా అని జాలిపడదామనుకున్నాను. ఆ క్షణంలో చేతకాలేదు.

"నేను చెప్పేది చెప్పేదేనమ్మా" అన్నాను. ఆవిడ విసురుగా వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా పట్టా పక్కన లారీ ఇటుకలు దిగాయి. రాజీ ఎవరు కుదిర్చారో నాకు ఎవరూ చెప్పలేదు. యేసుపాదం బాబాయి ఆ ఇటుకల మీద చెయ్యి వేసి మురిసిపోవడం చూశాను. ఆ రోజు స్టేషనులో నా పక్కన నిలబడ్డ మనిషేనా ఇతను అనిపించింది.

ఆ నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. మనసులో పగ ఉంచుకుని ఆ రొట్టె ముట్టకూడదు, అది మా పద్ధతి. మంచి పద్ధతే. దాన్నే నా మెడకు ఉరి చేశారు. అయ్యగారు అందరి ముందూ నన్ను నిలబెట్టారు.

"రెబ్కమ్మా, చైతన్యకృష్ణను క్షమించావా?"

"క్షమించానండి."

"అయితే కోర్టులో చూళ్లేదని చెబుతావు కదా?"

"చూశాననే చెబుతానండి."

"మరి అది క్షమాపణ ఎట్లా అవుతుందమ్మా? సంఘం కోసం ఆలోచించు. పిల్లలకు ఎండా వానా తగలకుండా గోడలు లేస్తాయి. కొట్లో సామాను ఇస్తారు. ఒక్క మాట."

ఆయన గొంతు వణికింది. కాలవలోకి తోసినప్పుడు నవ్విన మనిషి ఇప్పుడు వణుకుతున్నాడు. దెబ్బకు నిలబడ్డవాడు ఇటుకలకు పడిపోయాడు.

"అబద్ధ సాక్ష్యం చెప్పొద్దన్న ఆజ్ఞ పోయిన వారమే మా పిల్లల చేత వల్లె వేయించారు కదండీ. ఇటుకలొచ్చాక కొట్టేశారా?" అన్నాను.

యేసుపాదం బాబాయి రొట్టె పళ్లెం పట్టుకుని వరుసలో వచ్చాడు. కోటేశ్వరికి ఇచ్చాడు. నన్ను దాటేశాడు. నా పక్కన ఉన్న మామ నోటి దగ్గరికి రొట్టెముక్క తెచ్చాడు. మామ పెదాలు బిగించేశాడు.

"దానికి పెట్టంది నాకొద్దు. తీసుకుపో."

ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను. చిన్నప్పటి నుంచి ఊరి పెళ్లిళ్లలో మా వాళ్ల విస్తరి పెరట్లో వేరేగా వేయడం చూసి పెరిగినదాన్ని. అందరితో కలిసి ఒకే రొట్టె తినేది ఈ ఒక్క చోటే. ఇక్కడ కూడా నన్ను దాటి పోయారు. కాలిన పాక కంటే అది ఎక్కువ మండింది నాకు.

వాయిదా రోజు ఊరి ఆటోలు ఎక్కించుకోలేదు. పక్క ఊరి మాలిక్ తన ఆటో తెచ్చి మామనూ నన్నూ కోర్టు దగ్గర దించాడు. ముందు యేసుపాదం బాబాయిని పిలిచారు. దేవుడి మీద ప్రమాణం చేశాడు. "పొగ చూశానండి, మనిషిని చూళ్లేదు" అన్నాడు. బోనులోంచి దిగేటప్పుడు మామ ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి పోయాడు. తర్వాత నన్ను పిలిచారు.

చూసింది చూసినట్టు చెప్పాను. పెట్రోలు డబ్బా, అగ్గిపుల్ల, అతను అన్న మాట. చైతన్యకృష్ణ తల వంచుకుని నిలబడ్డాడు. అతని వకీలు లేచాడు. చిరునవ్వుతోనే లేచాడు.

"ఏమ్మా, నువ్వు క్రైస్తవురాలివా?"

"అవునండి."

"మొన్న ఆదివారం ప్రార్థనలో, అందరి ముందు, చైతన్యకృష్ణను క్షమించానని చెప్పావా లేదా?"

"చెప్పానండి."

"నిజంగానే క్షమించావా? ఊరికే అన్నావా?"

"నిజంగానే క్షమించానండి."

"ఆ మంటల తర్వాత కూడా వాళ్ల చేలో పని చేశావు. అవునా?"

"చేశానండి."

వకీలు జడ్జిగారి వైపు తిరిగాడు. "అయ్యా, ఈమెకు నా క్లయింటు మీద ఏ కోపమూ లేదు. ఆయన ఏ తప్పూ చేయలేదని ఈమె మనసుకే తెలుసు. పోలీసులు చెప్పించిన సాక్ష్యం ఇది." మళ్లీ నా వైపు తిరిగాడు. "ఏమ్మా, అంతేగా?"

బోను కర్ర గట్టిగా పట్టుకున్నాను.

"కోపం లేదని ఎవరన్నారండీ? నిండా ఉంది. కోపం ఉన్నా క్షమించాను. మీరంతా క్షమించు, క్షమించు అని నా ప్రాణం తీశారు. సరే, క్షమించాను. ఆయన కాల్చకపోతే మరి నేను క్షమించింది దేన్నండీ? ఏ తప్పూ చేయనోణ్ణి ఎవరన్నా క్షమిస్తారా?"

జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని, "ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి" అన్నారు. టైపు మిషను టకటకలాడింది. చైతన్యకృష్ణ మొదటిసారి తలెత్తి నా వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో నేను వెతకలేదు. అది అతనూ అతని దేవుడూ చూసుకోవాలి.

తీర్పు ఎట్లా వస్తుందో తెలియదు. వకీళ్లున్నారు, డబ్బుంది, ఊరంతా అటువైపే ఉంది. బయట వరండాలో మామ పక్కన కూర్చుని క్యారేజీ విప్పాను. పచ్చడి అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టాను. అప్పుడు అయ్యగారు వచ్చి మా ముందు నిలబడ్డారు. ఎప్పటి నుంచి అక్కడ ఉన్నారో, విన్నారో లేదో తెలియదు. నేను లేవలేదు. చేతికి అన్నం అంటుకుని ఉంది.

"వచ్చే నెల మొదటి ఆదివారం వస్తానండి అయ్యగారూ. ముందు వరుసలోనే కూర్చుంటాం, నేనూ మా మామా. ఈసారి పళ్లెం నా దగ్గర ఆగాలి" అన్నాను.