రాజీకి పంపారు నన్ను

పాప యూనిఫామ్ చొక్కా వీపు మీద సిరా మరకను మళ్ళీ రుద్దుతున్నాను. మొదటిసారి పెన్ను కక్కిందంటే నమ్మాను. రెండోసారీ అదే మాట చెబితే నమ్మినట్టు నటించాను. నిన్న బడిలో పాప జడ సగానికి కత్తిరించి పంపారు. ఇక నటించడానికేమీ మిగల్లేదు. ఈ ఉదయమే హెడ్‌మిస్ట్రెస్ రమ్మంది.

"నువ్వే వెళ్ళు, నీకు ఓపికెక్కువ," అన్నారు ఆయన. కత్తెర పట్టిన పిల్ల ఆయన ఆఫీసు మేనేజరుగారి కూతురు. "నోరు జారకు. పిల్లలన్నాక ఇవన్నీ మామూలే, సర్దుకుపోదామని చెప్పి వచ్చెయ్. నా ప్రమోషన్ ఆయన చేతిలో ఉంది."

"జుట్టేగా, పెరుగుతుందిలే," అంది అత్తయ్య, తాగేసిన టీ గ్లాసు నా వైపు జరుపుతూ.

నేను క్లినిక్‌లో రిసెప్షనిస్టుని. ఫోన్ చేసి సెలవడిగితే డాక్టరుగారు, "మీ ఆడవాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒకటి," అన్నారు. సారీ సార్ అన్నాను. గ్లాసు కడుగుతూ బడిలో చెప్పాల్సింది లోలోపల అప్పజెప్పుకున్నాను. మేడమ్, మా అమ్మాయి కూడా కాస్త... కాస్త ఏమిటి? ఏ మాట మొదలుపెట్టినా క్షమాపణ దగ్గరికే చేరుతోంది. కూరలో ఉప్పెక్కువైనా, ఆయనకి జలుబు చేసినా, తప్పు నాదేనని ఒప్పుకోవడం అలవాటైన నోరు కదా. ప్రమోషన్ పోతే? సాయంత్రం ఈ ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

తల దువ్వబోతే పాప మెడ ముడుచుకుంది. నా చేతికి కూడా!

"వాళ్ళలా ఏడిపిస్తుంటే ఎవరికీ ఎందుకు చెప్పలేదు తల్లీ?"

"నాన్న అరిస్తే నువ్వు ఊరుకుంటావుగా. నేనూ అలాగే ఊరుకున్నా. ఊరుకుంటే ఆపేస్తారనుకున్నా." నా వైపు తిరిగి అడిగింది. "నీకు ఆపేశారా అమ్మా?"

దువ్వెన పక్కన పెట్టి, పాప చెయ్యి పట్టుకుని బయలుదేరాను.

బడి వరండా దాటి హెడ్‌మిస్ట్రెస్ గదిలోకి వెళ్ళాం. మేనేజరుగారి భార్య అప్పటికే కూర్చుని ఉంది. హెడ్‌మిస్ట్రెస్ నన్ను చూసి నవ్వింది. "రండమ్మా. మీవారు ఇప్పుడే ఫోన్ చేశారు. ఇద్దరూ స్నేహితులే, ఏదో ఆటలో జరిగిందన్నారు. అంతేగా?"

నేను నోరు తెరవకముందే ఆయన నా మాట కూడా చెప్పేశారన్నమాట. ఊఁ అంటే చాలు, ఇంటికెళ్ళిపోవచ్చు. పక్కన పాప ఊపిరి బిగబట్టి నిలబడింది.

భయం పోలేదు. భయపడుతూనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆట కాదండీ. మొదటినుంచీ చెప్తాను, రాసుకోండి."