నుదుటి మీది గట్టు

నేను ఒక దువ్వెనని. గేదె కొమ్ముతో చేసిన దువ్వెనని. నన్ను చూసి నవ్వే ముందు ఒక్క సంగతి వినండి. నలభై ఏళ్లుగా తెలుగు తెర మీద తల ఎత్తుకు తిరిగిన హీరోయిన్లందరూ ముందు నా దగ్గర తల వంచినవాళ్లే. వాళ్లలో ఒకావిడ తల దువ్వుతుంటే ఊడివచ్చిన ఒక్క వెంట్రుకతో లైట్లవాళ్లు పెద్ద దీపాన్ని పైకి లాగి దూలానికి కట్టారు. మూడు పాటలు తీసేదాకా అది తెగలేదు. నమ్మితే నమ్మండి, లేకపోతే కాసేపు ఆగండి. నా కడుపులో అబద్ధం ఎక్కువసేపు నిలవదు.

మాది కృష్ణ ఒడ్డున ఒక చిన్న ఊరు. నన్ను నెత్తిన మోసిన గేదెను బడి వెనక పాకలో కట్టేసేవారు. గోడకవతల మాస్టారు గుణింతాలు చెప్పిస్తుంటే, ఆవిడ నెమరు వేస్తూ తల ఊపేది. నా చదువంతా అలా అబ్బిందే. ఆవిడ కాలం చేశాక ఆ కొమ్ము మస్తాన్ సాయిబు చేతికి వచ్చింది. ఆయన నన్ను నిప్పుల సెగ మీద పట్టి, మెత్తబడ్డాక రెండు చెక్కల మధ్య బిగించి పలకలా చేశాడు. సన్నని రంపంతో ఒక్కొక్క పన్నూ కోశాడు. తిరునాళ్లలో గుడ్డ మీద పరిచి కూర్చుంటే, పద్దెనిమిదేళ్ల భ్రమరాంబ వచ్చి నలభై దువ్వెనల్లో నన్నే తీసి, బుగ్గకు ఆనించి చూసుకుంది. దువ్వెనను ఎవరైనా తలకు పెట్టి చూస్తారు. ఆమె బుగ్గకు ఎందుకు ఆనించిందో ఆ రోజు నాకు బోధపడలేదు. అదే నా ముఖానికి జరిగిన మొదటి మర్యాద, చాలాకాలం అదే చివరిది కూడా.

మద్రాసులో గుంపు డాన్సుల్లో ఆడే పిన్ని ఒకామె ఉంటే, భ్రమరాంబ ఆమె వెంట రైలెక్కింది. సినిమాల్లో మేకప్ వేయాలని ఆమె కోరిక. సంఘం కార్డు లేనిదే స్టూడియోలో పని ఇవ్వరు. మేకప్ కార్డు కోసం ఆ సంఘం ఆఫీసుకు వెళితే అక్కడి గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టుకుని, “ఆడవాళ్లకు జుట్టమ్మా, మగవాళ్లకు ముఖం. మొదటి నుంచీ అంతే” అన్నాడు. హెయిర్ డ్రెస్సర్ కార్డు చేతిలో పెట్టి పంపాడు.

మా ఊళ్లో రెండు చేల మధ్య గట్టు ఉన్నట్టే, నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట ఒక గట్టు ఉందని మాకు అప్పుడు తెలిసింది. గట్టుకు పైన మా సాగు. కింద మేకప్‌మ్యాన్ పరాంకుశం గారిది. హీరోయిన్ ముక్కు మీద చెమట పట్టిందనుకోండి, భ్రమరాంబ తుండుగుడ్డతో పక్కనే నిలబడి ఉన్నా తుడవకూడదు. ఆయన టీ తాగి వచ్చి తుడవాలి. పౌరాణికాల్లో ఋషుల గడ్డాల దగ్గర మాత్రం పెద్ద పేచీయే వచ్చింది. గడ్డం జుట్టు కిందికి వస్తుందా, ముఖం కిందికి వస్తుందా? చెక్క తలకాయకు తగిలించి ఉన్నంతసేపు మాదనీ, ముఖానికి అంటించాక ఆయనదనీ పెద్దలు కూర్చుని తేల్చారు.

పరాంకుశం గారికి ఒక కుంచె ఉండేది. ఉడుత తోక వెంట్రుకలతో చేసిందట. ఆ సొగసు ఏం చెప్పమంటారు. నేను చిక్కుల్లో ఇరుక్కుని, నూనె ఓడుతూ, చుండ్రు రాలుస్తూ చచ్చేవాణ్ణి. అదేమో పెదవుల మీద ఒకసారి అలా నడిచి, మఖమల్ సంచిలోకి వెళ్లి పడుకునేది. షూటింగ్ మొదటి రోజున దాని ముందు కర్పూరం కూడా వెలిగించేవారు. నా ముందు ఏనాడూ అగ్గిపుల్ల గీసినవాడు లేడు. పని లేనప్పుడు భ్రమరాంబ నన్ను తన కొప్పులో గుచ్చుకునేది. అక్కడ కూర్చుని ఆ కుంచెను చూస్తూ నేను లోలోపల పళ్లు నూరుకునేవాణ్ణి. అప్పట్లో నాకు అన్ని పళ్లూ ఉండేవి.

కుంచెను చూసి ఏడ్చానంటే ఒక అర్థముంది. కుండను చూసి కూడా ఏడ్చాను. భ్రమరాంబ గదిలో ఒక మట్టికుండ బోర్లించి ఉండేది. పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే నన్ను గూట్లో పడేసి దాని ముందు కూర్చునేది. మేకప్ గదిలో పారేసిన రంగు ముక్కలు, అరిగిపోయిన పెన్సిళ్లు ఏరి తెచ్చుకుని, ఆ కుండకు ముఖం వేసేది. సోమవారం కుండకు ఇరవై ఏళ్లుంటే శుక్రవారానికి అరవై వచ్చేవి. కళ్ల కింద సంచులు, పెదవుల చివర మడతలు, నుదుటి మీద దిగులు. ఒకసారి పక్కింటావిడ పంచదార కోసం వచ్చి, గుమ్మంలోంచి ఆ కుండను చూసి, “మీ అత్తగారు ఎప్పుడొచ్చారమ్మా” అని దణ్ణం పెట్టి మరీ వెళ్లింది. ఇది మాత్రం నిజం.

పరిశ్రమ హైదరాబాదు చేరితే మేమూ చేరాం. సినిమాలు తగ్గి సీరియళ్లు వచ్చాయి. పరాంకుశం గారూ వచ్చారు, ఆయన గట్టునూ వెంట తెచ్చుకున్నారు. అసలు కథ అక్కడ జరిగింది.

ఒక సీరియల్లో కమలిని అని ఇరవై రెండేళ్ల అమ్మాయి నాయిక. ఆ రోజు ఎపిసోడ్‌లో ఆమె అరవై ఏళ్ల అవ్వ అవ్వాలి. భ్రమరాంబ నా పళ్లకు తెల్లపొడి అద్ది, చెంపల దగ్గర నుంచి పాపిడి దాకా నెరుపు తెచ్చింది. నా పనితనం చూసి నాకే కళ్లు చెదిరాయి. కానీ గట్టు కింద పని జరగలేదు. పైన అరవై, కింద ఇరవై రెండు.

“పరాంకుశం ఏడయ్యా?” అన్నారు డైరెక్టరు గారు.

“పక్క ఫ్లోర్లో పెద్ద హీరో గారి మీసం ఊడిందటండి. అంటించడానికి వెళ్లారు” అన్నాడు అసిస్టెంటు.

“ఇక్కడ నాకు ఎండ పోతోంది. మీసం ముఖ్యమా, ఎండ ముఖ్యమా?”

“మీసం ఎవరిదో కూడా చూసుకోవాలి కదండీ.”

డైరెక్టరు గారు తల పట్టుకుని బయటికి వెళ్లారు. అసిస్టెంటు ఆయన వెనకే వెళ్లాడు. కమలిని అద్దంలోంచి భ్రమరాంబను చూసి, “భ్రమరక్కా, నువ్వే వేసెయ్” అంది మెల్లగా.

“ఊరుకో తల్లీ. ఎవరన్నా విన్నారంటే ఉన్న కార్డు కూడా పీకేస్తారు.”

“ఇంట్లో కుండకి వేస్తావంటగా. నా ముఖం కుండ కన్నా తీసికట్టా?”

భ్రమరాంబ వసారాలోకి తొంగి చూసింది. తలుపు దగ్గరగా వేసింది. చీరకు చెయ్యి తుడుచుకుంది. పరాంకుశం గారు తొందరలో వదిలి వెళ్లిన ఉడుత తోక కుంచెనే తీసుకుంది. దాన్ని పట్టుకున్న తీరు చూశాను. ఇన్నేళ్లలో నన్ను అంత సుకుమారంగా ఒక్కనాడూ పట్టుకోలేదు. కమలిని ఎడమ కన్ను కింద నీడ పడింది. ఎడమ బుగ్గ లోపలికి పోయింది. పెదవి చివర నలభై ఏళ్ల అలసట వచ్చి కూర్చుంది. కుంచె మురిసిపోతూ నా వైపు చూసినట్టనిపించింది.

ఇక ఉండబట్టలేకపోయాను. కొప్పులోంచి ఎగిరి గచ్చు మీదికి దూకాను. రెండు పళ్లు విరిగి ఠంగున మోగాయి. ఆ చప్పుడుకు వసారాలో పోతున్న పరాంకుశం గారు తలుపు తోసుకుని వచ్చారు.

“ఏమ్మా, నా చోట్లో నీకేం పని?” అన్నారు.

“ఎండ పోతోందన్నారండీ” అంది భ్రమరాంబ, కుంచె కింద పెట్టకుండానే.

“ఎండ రేపూ వస్తుంది. ఇవాళ నువ్వు ముఖం పట్టుకుంటే రేపు నేనేం పట్టుకోవాలి, జడా?” ఆయన కమలిని ముఖాన్ని చాలాసేపు చూశారు. “నీ చెయ్యి పడ్డ ముఖాన్ని నేను ముట్టను. మిగతా సగం ఎవరు వేస్తారో అదీ చూస్తాను” అని కుంచె లాక్కుని వెళ్లిపోయారు.

ఎవరు వేస్తారు? ఎవరూ వేయలేదు. ఆ ఎపిసోడంతా ఎడమ పక్క నుంచే తీశారు. అందులో అవ్వ కొడుకు వైపు తిరగదు, కోడలి వైపు తిరగదు, చివరికి దేవుడికి కూడా పక్క నుంచే దణ్ణం పెడుతుంది. చూసినవాళ్లు ఆ అవ్వకు ఎంత ఆత్మాభిమానమో, ఎవరి ముఖమూ చూడదు అని మెచ్చుకున్నారు.

సంఘం భ్రమరాంబ కార్డును ఏడాది పాటు లాగేసుకుంది. ఆమె పెళ్లిళ్లకు పూలజడలు వేయడానికి వెళ్లేది. పెళ్లికూతుళ్ల నుదుటి మీద గట్టు లేదు కదా, జడ అయ్యాక ముఖమూ తనే దిద్దేది. తిరిగి కార్డు ఇచ్చారు గానీ, తర్వాత పదిహేనేళ్లూ స్టూడియోలో ఆమె చెయ్యి కనుబొమ దాకా వచ్చి ఆగిపోవడం నాకు తెలుస్తూ ఉండేది. ఆ చేతిలో ఉన్నది నేనే కదా.

ఈలోగా ఎక్కడో ఎవరో ఆడవాళ్లు కోర్టుకెక్కారు. ఆ గట్టు ఏ చట్టంలోనూ లేదని తేలింది. యాభై దాటిన భ్రమరాంబకు మేకప్ కార్డు వచ్చింది. దాన్ని తీసుకుని ఇంటికి రాగానే కుండకు ఆనించి నిలబెట్టింది. నా పక్కన పెట్టొచ్చుగా? ఆ ఆలోచనే రాలేదు ఆమెకు.

మొదటి పని కమలినిదే. ఆమెకు నలభై కూడా నిండలేదు, అప్పుడే బామ్మ వేషాలు వచ్చేశాయి. మనవడి వేషం వేసిన హీరో ఆమె కన్నా రెండేళ్లు పెద్ద. కమలిని కుర్చీలో కూర్చుని, “ఆ రోజు సగంలో ఆపావక్కా. ఇవాళ రెండో పక్క కూడా కానియ్” అంది.

భ్రమరాంబ కుడి పక్కతో మొదలుపెట్టింది. జుట్టు పని చేయడానికి ఇంకొకామె వచ్చింది. ఆమె చేతిలో ఊదారంగు ప్లాస్టిక్ దువ్వెన. నేను సంచిలో, ఉతికిన తువ్వాలు కింద.

ఇప్పుడు మొదట చెప్పిన గొప్ప సంగతి. హీరోయిన్లంతా నా దగ్గర తల వంచారన్నాను కదా. వాళ్లకు సొంత హెయిర్ డ్రెస్సర్లూ, ఫారిన్ దువ్వెనలూ ఉండేవి. కమలిని ఒక్కతే నాకు దక్కిన నాయిక. మిగతా కాలమంతా నేను దువ్వింది చెలికత్తెల సవరాలను, డాన్సర్ల విగ్గులను, ముఖాలకు ఎక్కని గడ్డాలను. దీపం కట్టిన ఆ వెంట్రుక కూడా గుర్రపు తోకది. ఒక్కటి కాదు, ఓ పిడికెడు.

అయినా ఒక తల మాత్రం నాది. సాయంత్రం ఇంటికి వచ్చి భ్రమరాంబ కొప్పు విప్పి, నన్ను చేతిలోకి తీసుకుంటుంది. అక్కడ నెరుపుకు ఏ పొడీ అక్కర్లేదు. దువ్వుకుంటూ ఒక్కోసారి ఏదో ఆలోచనలో పడి నన్ను బుగ్గకు ఆనించుకుంటుంది. ఆ కాసేపూ కుంచె మీద నాకే కోపమూ ఉండదు.

వెళ్లే ముందు ఒక్క మాట. కొప్పులోంచి దూకానని చెప్పింది నేను కల్పించాను. దువ్వెనలు దూకవు. నా రెండు పళ్లూ ఒక ఋషి గడ్డంలో జిగురుకు అంటుకుని ఎప్పుడో పోయాయి. కుంచె తీసుకునే ముందే, వంగితే అడ్డమొస్తానని, భ్రమరాంబ నన్ను తీసి బల్ల చివర పెట్టింది. చప్పుడూ గిప్పుడూ ఏమీ లేదు. పరాంకుశం గారు ఎప్పుడో తలుపు తీసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి ఉన్నారు. సగం ముఖం పూర్తయ్యేదాకా నోరు విప్పలేదు. ఆ చూపు నాకు బాగా తెలుసు, రోజూ గూట్లోంచి నేను కుండను చూసే చూపు అది.

కుంచెకు ఆ కథలో చోటుంది, పరాంకుశం గారికి ఉంది, కుండకు కూడా ఉంది. నేను మాత్రం బల్ల మీద ఊరికే పడి ఉన్నాను. అది ఓర్చుకోలేకే, ఆమెను పట్టించిన నేరమైనా సరే, నా మీద వేసుకున్నాను.