నాలుగు వేళ్ల వదులు

మృగశిర దగ్గర పడింది. వాన పడేలోపు కురవి దగ్గరి చెరువు కట్టకు మట్టి ఎక్కించాలి. ట్రాక్టర్లు మట్టి పోసి పోతుంటే డోజర్ దాన్ని కట్ట మీదికి నెట్టాలి. సరిగ్గా ఆ పని నడుమ పద్మలత డోజర్ ఆపి, దిగి, చక్రాల చుట్టూ తిరిగే ఇనుప చైన్ మీద చెయ్యి పెట్టి చూసింది. చెయ్యి చురుక్కుమంది.

ఆమెకు కోపం వచ్చింది. అది ఇవాళ్టి కోపం కాదు, నెల నాటిది.

నెల కిందట ఇదే కట్ట వాలు మీద బండి తిప్పుతుంటే చైన్ ఊడిపోయింది. తప్పు ఆమెదే, కాదనదు. ముందు రోజు సాయంత్రం ఆడబిడ్డ కూతురి పెండ్లికి పోవాలని, చైన్‌లో ఇరుక్కున్న మట్టి తీయకుండానే నెల్లికుదురు బస్సెక్కింది. తెల్లారేసరికి ఆ మట్టి ఎండి రాయి అయింది. బండి తిప్పగానే చైన్ చక్రం మీది నుంచి లేచిపోయింది. ఆగింది ఒక్క పూట పని. కానీ నోళ్లు ఆగుతాయా? 'ఆడోళ్లకు డోజర్ ఇస్తే గిట్లనే ఉంటది' అన్న మాట కట్ట ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది. మగవాడి చేతిలో ఊడితే చైన్ పాతదంటారు. ఆమె చేతిలో ఊడితే చెయ్యే మంచిది కాదంటారు.

డోజర్ యజమాని జగపతి వచ్చి మొదట ఆమె దగ్గరున్న పానా లాక్కున్నాడు. తర్వాత బండిని జనగామలోని తన షెడ్డుకు తీసుకుపోయి, శుభ్రంగా కడిగించి, డిప్లొమా చదివిన కొడుకు ధీరజ్‌తో చైన్ బిగింపించాడు.

"డప్పు లెక్క ఉండాలె. మల్లొక్కసారి ఊడిందంటే నువ్వు సీటు దిగి తట్ట పట్టుకో," అన్నాడు ఆమెతో.

తట్ట నుంచి సీటు దాకా రావడానికి ఆమెకు పదకొండేళ్లు పట్టింది. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

షెడ్డు నుంచి వచ్చిన రోజు నుంచీ బండి మూలుగుతోంది. చెరువు బురద చైన్‌లోకి చేరి పేరుకున్నకొద్దీ చైన్ ఇంకా బిగుసుకుంటోంది. వెనక పళ్ల చక్రం దగ్గర ఇనుము ఇనుమును తింటోంది. కొంచెం వదులు చేయాలని ఆమె మూడుసార్లు చెప్పింది. 'నీకేం ఎరుక' అన్నదే మూడుసార్లూ జవాబు.

నాలుగోసారి చెప్పదలచుకోలేదు. నిన్న భూపాలపల్లి పోయి, తనకు డోజర్ పని నేర్పిన లచ్చయ్య మేస్త్రీని కలిసింది. ఆయనకు ఒక కన్ను లేదు. చైన్‌ను బిగించి ఉంచేది లోపల ఒత్తిడితో నిండిన గ్రీజు. ఒకప్పుడు దాని వాల్వుకు ఎదురుగా మొహం పెట్టి తిప్పాడు, గ్రీజు చిమ్మి కన్ను పోయింది. ఆయన తన పాత పానా ఆమె చేతిలో పెట్టాడు.

"ఒక్క సుట్టు, గంతే. మెల్లగ తిప్పు, పక్కకు నిలబడు. నాలుగు వేళ్ల వదులుండాలె బిడ్డా. అంతకు తక్కువుంటే బండి తననే తాను తింటది," అన్నాడు.

ఇప్పుడు ఆమె ఆ పానా సంచిలో నుంచి తీసేసరికి ట్రాక్టర్ల వాళ్లలో ఎవడో జగపతికి ఫోన్ కొట్టాడు. అతను ఇవాళ కురవిలోనే ఉన్నాడు కాబట్టి పావుగంటలో కారు కట్ట మీదికి వచ్చింది. వెంట ధీరజ్ కూడా దిగాడు.

"ఎవల్నడిగి పానా పట్టినవ్?" అన్నాడు జగపతి.

"చైన్ కాలుతున్నది పటేలా. చెయ్యి పెట్టి సూడు."

జగపతి పెట్టాడు, వెంటనే తీశాడు. "ఎండకు కాలింది."

"పొద్దుగాల్ల సంది మొగులు పట్టే ఉన్నది. ఎండ నీ కారులొచ్చిందా?"

ట్రాక్టర్ల వాళ్లు తలలు తిప్పుకొని నవ్వారు. పద్మలత ఒక తిన్నని కర్ర తెచ్చి చైన్ మీద, పై రోలర్ నుంచి ముందు చక్రం దాకా పరిచింది. కర్రకూ చైన్‌కూ నడుమ తన వేలు పెట్టబోయి చూపించింది. ఒక్క వేలు కూడా పట్టలేదు.

"బుక్కుల ఉన్న కొలతనే పెట్టిన బాపూ," అన్నాడు ధీరజ్.

"కొలత సరే తమ్మీ. ఏడ కొలవమన్నది బుక్కు?"

ధీరజ్ ఫోన్ తీసి వెతికాడు. చదివాడు, మళ్లీ చదివాడు. దాచాలనుకుంటే దాచేవాడే. దాచలేదు.

"పనిచేసే జాగలనే కొలవాలంట బాపూ. చైన్ల మట్టి ఉండంగనే. నేను కడిగిన బండిని కొలిచిన."

జగపతి మొహం మాడింది. కొడుకు ముందు ఓడిపోవచ్చు, పదిమంది ట్రాక్టర్ల వాళ్ల ముందు ఓడిపోవడం వాళ్ల ఇంటావంటా లేదు.

"బుక్కు పక్కకు పెట్టు. బండి నాది. గట్లనే నడుస్తది."

"బండి నీదే పటేలా, నేను కాదంటలేను. చైన్ తెగితే కట్ట మీంచి పడేటిది నేను."

"అయితే సీటు దిగు."

"దిగే ఉన్న గద," అంటూ ఆమె తాళం చెవి చాపింది. "నువ్వెక్కు."

జగపతి ఆ తాళం వైపు చూశాడు, కట్ట వాలు వైపు చూశాడు. చెయ్యి మాత్రం చాపలేదు.

పద్మలత తాళం జేబులో వేసుకుంది. లచ్చయ్య చెప్పినట్టే పక్కకు నిలబడి వాల్వును ఒక్క చుట్టు తిప్పింది. నల్లటి గ్రీజు బుసబుసమని బయటికి వచ్చింది. వాల్వు బిగించి, ఎక్కి, బండిని కాస్త ముందుకూ వెనక్కూ నడిపి, దిగి మళ్లీ కర్ర పెట్టింది. ఈసారి నాలుగు వేళ్లు పట్టాయి. అవతలి వైపు చైన్‌కూ అట్లాగే చేసింది.

"ఊడితే?" అన్నాడు జగపతి.

"ఊడితే పానా నీ చేతుల పెట్టి తట్ట పట్టుకుంట."

బండిని నేరుగా కట్ట వాలు మీదికి, నెల కిందట చైన్ ఊడిన చోటికే తీసుకుపోయింది. అక్కడ తిప్పాల్సిన పని ఇవాళ లేదు. అయినా తిప్పింది. భయం వేయలేదా అంటే వేసింది. ఎడమకు తిప్పింది, కుడికి తిప్పింది. ఇంజను మూలుగు తగ్గింది. చైన్ తన చోట తాను తిరిగింది.

జగపతి పోలేదు. ఎప్పుడు ఊడుతుందా అని సాయంత్రం దాకా కారులోనే కూర్చున్నాడు. కట్ట మూల దాకా మట్టెక్కింది, ట్రాక్టర్లు ఇంటిదారి పట్టాయి, చైన్ ఊడలేదు. అప్పుడు కారు దిగి వచ్చి చెయ్యి చాపాడు.

"సరే తీ. పానా ఇటియ్యి. షెడ్డుల ఉంటది."

నెల్లికుదురు బస్సు అవతల రోడ్డు మీద హారన్ కొట్టి పోయింది. పద్మలత అటు చూడలేదు. పానాను కొంగున ముడేసి నడుముకు దోపుకుంది. బండికి ఆనించి ఉన్న పార తీసి, చాపిన ఆ చేతిలో పెట్టింది. జగపతి ఏమిటో చూసుకోకుండానే పట్టుకున్నాడు.

"పానా కావాల్నంటే ముందుగాల గిది పట్టాలె పటేలా," అంది. "చైన్ల మట్టి ఎండకముందే తియ్యాలె. నేను ఒక్కనాడు తియ్యక నెలరోజులు మాటలు పడ్డ. నువ్వు కుడి దిక్కు తియ్యి, నేను ఎడమ దిక్కు తీస్త."

జగపతి పార పట్టుకొని నిలబడిపోయాడు. ఆమె రెండో పార తెచ్చుకోవడానికి కట్ట దిగింది.