మూడింటి నుంచి అయిదింటిదాకా

"గరిట పులుసులో ఒగ్గీకే, తీసీయ్, సెడిపోద్ది," అంది మా అత్త అసిరమ్మ. డాల్ఫిన్ నోస్ కొండ మీదికొచ్చినా ఆవిడ వంటగది నన్ను వదల్లేదు.

కార్తీక వనభోజనాలకి పోర్టులో మా ఆయన కామరాజు సెక్షన్ వాళ్ళంతా వ్యాన్ మాట్లాడారు. నేను పుట్టింది ఈ కొండ కిందున్న యారాడలోనే, కానీ ఆడపిల్లని పైకి ఎవరు పంపుతారు! పెళ్ళయిన పదకొండేళ్ళలో నేను అడిగింది ఒక్కటే, లైట్‌హౌస్ ఎక్కాలని. మా అయ్య వీరన్న చేపల వేట నుంచి వచ్చేటప్పుడు ఈ కొండనే గుర్తు పెట్టుకునేవాడు. "కొండ ముక్కు అవుపడిందంటే ఇంటికొచ్చీసినట్టేనమ్మా," అనేవాడు. రెండేళ్ళ కిందటి తుఫానులో అది కనపడలేదేమో, రాలేదు. శవమూ దొరకలేదు. ఆయన పోయిన నీళ్ళని పైనుంచి ఒక్కసారి చూడాలి. "నీళ్ళే కదే, ఏటి సూత్తావు?" అని నవ్వాడు మా ఆయన.

లైట్‌హౌస్‌లోకి మూడింటి నుంచి అయిదింటిదాకానే రానిస్తారు. మూడింటికి ఆడవాళ్ళం విస్తళ్ళ ముందు కూర్చున్నాం. నాలుగింటికి టీలు. మగవాళ్ళు ఎక్కి, దిగి కూడా వచ్చారు. "పైన గాలి అదిరిపోయిందే," అంటూ మా ఆయన ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టాడు. ఒళ్ళు మండింది.

"బావా, నానూ ఎల్లొస్తాను."

"ఆ గిన్నెలు తోమీసి ఎల్లు."

తోమి పరుగెత్తాను. చేతిలో జల్లిగరిట ఉందని కూడా చూసుకోలేదు. కాపలాదారు తాళం వేస్తున్నాడు. "రేపు రండమ్మా," అన్నాడు. నాకు రేపెక్కడిది? బతిమాలబుద్ధి కాలేదు. పక్కనున్న రాళ్ళ మీద కూలబడ్డాను. కింద నల్లటి నీళ్ళు. "అయ్యా" అని గట్టిగా పిలిచాను. ఆయన పోయినప్పుడు కూడా తీరిగ్గా ఏడవనివ్వలేదు, ఎవరో ఒకరు అన్నం పెట్టమనేవాళ్ళు. ఆ బాకీ ఏడుపంతా అక్కడే ఏడ్చాను.

వెనక్కొచ్చేసరికి పొయ్యిరాళ్ళు, బూడిద. వ్యాన్ లేదు.

మసక పడుతుండగా హారన్ వినిపించింది. నా కోసం వచ్చారు! నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. మా ఆయన దిగి, పొయ్యి చుట్టూ టార్చి వేసి వెతుకుతున్నాడు. వెలుతురు నా మీద పడింది.

"నువ్విక్కడున్నావేటి? ఎనకసీట్లో ఉన్నావనుకున్నానే!"

"మరి దేనికొచ్చావు బావా?"

"సామాన్లు లెక్కెడితే జల్లిగరిట తగ్గిందంట. అమ్మ ఒకటే గోల."

గరిట ఆయన చేతిలో పెట్టాను. "ఎక్కు మరి," అన్నాడు.

నేను ఎక్కలేదు. మా అమ్మ ఉన్న యారాడ వైపు దిగడం మొదలుపెట్టాను.