పల్చన చేసిన తోలు

ఆఫ్రికాలో తానా నది ఒడ్డున మకాం వేసినప్పటి నుంచి తెల్లారిందంటే ముసెంబికి కత్తి నూరుకోవడమే పని. ఏనుగు తోలు మహా మందం. లోపలివైపు గీకి గీకి పల్చన చేస్తేగానీ ఉప్పు ఇంకదు, ఇంకకపోతే కుళ్లిపోతుంది. మగ ఏనుగు తోలు ఎప్పుడో ఎండి మూట కట్టేశారు. ఇప్పుడు గీకే దూలం మీద ఉన్నది తల్లి తోలు.

ఆ తోలుకి ఇంకా పాలొస్తున్నాయి. రోజూ పొద్దున్నే పిల్ల ఏనుగు పొదల్లోంచి వచ్చి తాగిపోయేది. దానికి అడ్డం లేకుండా వంటవాడు కియోకో తన పొయ్యి అవతలికి జరుపుకున్నాడు.

లెనార్డ్ దొర చెడ్డవాడు కాదు. ముసెంబికి జ్వరమొస్తే పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేసిన మనిషి. కానీ అమెరికాలో ఆయన మ్యూజియానికి ఏనుగు కుటుంబం కావాలి. ఇక పిల్లొక్కటే తక్కువ.

"రేపు దీన్ని కూడా కొట్టేద్దాం," అన్నాడు దొర.

"పాలు తాగేదాన్నా, దొరా?"

"ముందు ముందు ఏనుగనేదే మిగలదు ముసెంబీ. మా పిల్లలు బొమ్మనైనా చూడొద్దూ?"

"మిగలకుండా చేస్తున్నదెవరు? మేమా?"

దొర మొహం చిన్నబోయింది. "మామా, దొరగారి టీ చల్లారిపోతోంది. నీ నోరు కూడా కాస్త చల్లార్చు," అన్నాడు కియోకో.

ముసెంబికి ఆ పూట ముద్ద దిగలేదు. ఆ పిల్లని ఒలవాల్సింది తనే మరి.

మర్నాడు పిల్ల వచ్చింది. దొర తుపాకీ ఎత్తాడు. ముసెంబి చేతుల్లో ఉన్న తోలు అంచు ఒక్కసారిగా గుంజుకుంది.

"వదలకు! గట్టిగా పట్టుకో!" అని అరిచాడు దొర.

ముసెంబి వదిలేశాడు.

తోలు దూలం దిగి, ఖాళీ కాళ్ల మీద నిలబడి, పిల్లని లోపల పొదువుకుని నది వైపు నడిచింది.

"ఎందుకొదిలావయ్యా?"

"చెయ్యి జారింది దొరా."

దొర మళ్లీ గురిపెట్టాడు. ఎదురెండలో ఆ పల్చటి తోలు గుండా లోపలి పిల్ల స్పష్టంగా కనబడుతోంది. తొండం పైకెత్తి, నడుస్తూనే పాలు తాగుతోంది. దొర చాలాసేపటికి తుపాకీ దించాడు.

"కాలిస్తే తోలుకి చిల్లు పడుతుంది," అన్నాడు.

"పడుతుంది దొరా," అన్నాడు ముసెంబి కళ్లు తుడుచుకుంటూ. ఆ మనిషంటే అతనికి ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

మ్యూజియంలో మగ ఏనుగొక్కటే నిలబడింది. పక్కన అంత జాగా ఎందుకొదిలారు, దీని పెళ్లాం ఏదని పిల్లలు అడిగితే, లెనార్డ్ దొర ఏమాత్రం తడుముకోకుండా చెప్పేవాడట: "రాలేదర్రా. ఇంటి దగ్గర చంటిపిల్ల ఉంది."